రాకెట్ బొమ్మ సరే, ఒప్పందం సంగతేంటి?

అంతరిక్షం, యువత అనే రెండు మాటలు ఒకచోట వినపడ్డాయంటే విజయవాడలో తర్వాత ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. థర్మోకోల్‌తో పీఎస్ఎల్వీ చేయిస్తారు. డ్రాయింగ్ పోటీ, క్విజ్ పెడతారు. ముఖ్య అతిథికి శాలువా కప్పి, గ్రూప్ ఫొటో దిగుతారు. మర్నాడు జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వస్తుంది. వీటి మీద నాకేం కోపం లేదు. శ్రీహరికోట షార్ వాళ్లు అక్టోబరులో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు రాకెట్ నమూనాల ముందు పిల్లలు నోరు తెరుచుకుని నిలబడటం చూస్తే ముచ్చటేస్తుంది కూడా. నా పేచీ అంతా అక్కడితోనే ఆగిపోవడం గురించి, అంతరిక్షంలో ఏది ఎవరిదో తేల్చే ఒప్పందాల దగ్గరికి పిల్లలను రానివ్వకపోవడం గురించి.

నేను చెప్పేది సివిక్స్. ఇంటర్ సీఈసీ, హెచ్ఈసీ పిల్లలకు. మా ఊళ్లో ఈ గ్రూపుల పిల్లలను చుట్టాలు కూడా కాస్త జాలిగానే చూస్తారు, "ఏం, ఎంపీసీ ఇవ్వలేదా?" అని. ఇస్రో పేరుతో సభ పెడితే వీళ్లను హాలు నిండటం కోసం వెనక బెంచీల్లో కూర్చోబెడతారు. ఆ మధ్య ఒక కాలేజీలో అలాంటి సభకే వెళ్లాం. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర నీటి మంచు ఉందని అతిథిగారు చాలా బాగా చెప్పారు. చివర్లో ప్రశ్నలు అడగమంటే మా క్లాసు పిల్ల ఒకతి లేచింది. "సార్, ఆ నీళ్లు దొరికితే ఎవరివి? ముందు వెళ్లినవాళ్లవేనా?" అంది. ఆయన నవ్వి, "ముందు నువ్వు బాగా చదువుకోమ్మా, పెద్దయ్యాక వెళ్లి ఓ బిందెడు తెచ్చుకుందువుగాని" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వేసి కూర్చుంది. తర్వాత వందన సమర్పణ.

ఆ రోజు హాల్లో వినపడ్డ ప్రశ్నల్లో అసలైన ప్రశ్న అదొక్కటే. వియన్నాలో ఐక్యరాజ్యసమితి కమిటీలో పెద్దపెద్దవాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని తేల్చలేకపోతున్నది కూడా దాన్నే.

1967 నాటి అంతరిక్ష ఒప్పందంలో రెండో అధికరణం ప్రకారం చంద్రుడిని గానీ మరే ఖగోళ వస్తువును గానీ ఏ దేశమూ సొంతం చేసుకోకూడదు. బాగానే ఉంది. మరి నేలను సొంతం చేసుకోకుండా, అందులోంచి తవ్వి తీసిన మంచునూ ఖనిజాన్నీ సొంతం చేసుకోవచ్చా? దీనికి ఒప్పందంలో సూటి సమాధానం లేదు. 1979లో చంద్రుడి గురించి విడిగా ఇంకో ఒప్పందం రాశారు, అక్కడి వనరులు మానవాళి ఉమ్మడి వారసత్వం అని. మనదేశం 1982లో దాని మీద సంతకం పెట్టింది గానీ ఆమోదముద్ర మాత్రం ఈనాటికీ వేయలేదు. ఈలోగా అమెరికా 2015లో, లక్సెంబర్గ్ 2017లో, ఆ తర్వాత యూఏఈ, జపాన్ ఎవరి చట్టం వాళ్లు చేసుకున్నాయి. తవ్వినవాడిదే సొత్తు అన్నది వాటి సారాంశం. 2023 జూన్‌లో మనం అమెరికా చొరవతో వచ్చిన ఆర్టెమిస్ ఒడంబడికల మీద సంతకం చేశాం. వనరులు తీసినంత మాత్రాన సొంతం చేసుకున్నట్టు కాదని వాటిలో రాసి ఉంది. అంటే ఉమ్మడి వారసత్వం అన్న కాగితం మీదా మన సంతకం ఉంది, తవ్వుకోవచ్చన్న కాగితం మీదా ఉంది. ఈ రెంటికీ పొత్తు ఎలా కుదురుతుందని అడిగితే సివిక్స్ లెక్చరర్‌గా నేను నీళ్లు నమలాల్సిందే.

ఐక్యరాజ్యసమితిలో ఈ సంగతులు చూసే కమిటీ 1959 నుంచీ ఉంది. పొట్టిగా కోపువస్ అంటారు. వందకు పైగా దేశాలకు సభ్యత్వం ఉంది. అక్కడ ఓటింగు ఉండదు, అందరూ ఒప్పుకుంటేనే ఏ తీర్మానమైనా. దాని న్యాయ ఉపసంఘం కింద వనరుల మీద ఒక కార్యవర్గం పనిచేస్తోంది. 2027 నాటికి కొన్ని సూత్రాలు సిద్ధం చేయాలన్నది దాని లక్ష్యం. 2027 అంటే ఎంతో దూరం లేదు. ఆ సభలో లేచి అడిగిన మా పిల్ల డిగ్రీ పూర్తయ్యేలోపు, ఆమె బతికినంత కాలం నడిచే రూల్స్‌కు పునాది పడిపోవచ్చు. ఆమెను ఎవరూ అడగరు. అడగాలన్న ఊహే మనకు లేదు.

"విజయవాడ వాళ్లకు చంద్రుడి గొడవ దేనికి మేడమ్?" అంటారేమో. సరే, చంద్రుణ్ని వదిలేసి సింగ్‌నగర్ వద్దాం.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం వైపు తెల్లారేసరికి నీళ్లు ఇళ్లలోకి వచ్చేశాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన బోట్లు గేట్లకు గుద్దుకున్నాయి. డాబాల మీద జనం, డ్రోన్లతో అన్నం పొట్లాలు, ఎవరు ఎక్కడున్నారో తెలియక ఒకటే టెన్షన్. ఆ వారం ఎలా గడిచిందో ఊళ్లో ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. నీళ్లు తీశాక మా కుర్రాడొకడు కాలేజీకి వచ్చి ఫోన్లో ఒక ఉపగ్రహ చిత్రం చూపించాడు. వాట్సాప్‌లో ఎవరో పంపారట. బూడిదరంగు ఊరు, మధ్యలో తారు పోసినట్టు నల్లటి మరక. వేలితో పెద్దది చేసి, "మేడమ్, మా ఇల్లు ఈ నలుపులోనే ఎక్కడో ఉంది" అన్నాడు. వాళ్ల వీధి చివరి గుడి కోసం వెతికాడు గానీ దొరకలేదు.

అలా నల్లగా ఎందుకు కనపడుతుందో మా ఫిజిక్స్ మాస్టారు వివరించారు. వాన కురిసేటప్పుడు మామూలు కెమెరా ఉన్న ఉపగ్రహానికి మబ్బులు తప్ప ఏమీ కనపడవు. రాడార్ ఉన్న ఉపగ్రహానికి మబ్బూ చీకటీ అడ్డు కావు. అది పంపిన తరంగం నిలిచిన నీళ్ల మీద పడి అద్దం మీద పడ్డట్టు అటువైపు జారిపోతుంది, తిరిగి రాదు. అందుకని నీళ్లున్న చోటంతా నలుపు. ఇంతవరకూ ఆయన సబ్జెక్టు. ఆ తర్వాత కుర్రాడు అడిగినది నా సబ్జెక్టు. "ఈ ఫొటో ఎవరిది మేడమ్? మనకెందుకిచ్చారు?"

మనకు రాడార్ ఉపగ్రహాలు ఉన్నాయి, 2022 ఫిబ్రవరిలో పంపిన ఈఓఎస్-04 లాంటివి. ఐరోపా వాళ్లకు సెంటినెల్-1 ఉంది. దాని చిత్రాలు ప్రపంచంలో ఎవరైనా పైసా కట్టకుండా దించుకోవచ్చు. ఇక విపత్తు వచ్చినప్పుడు అంతరిక్ష సంస్థలు తమ చిత్రాలు ఒకరికొకరు ఉచితంగా ఇచ్చుకునే అంతర్జాతీయ చార్టర్ ఒకటి 2000 నుంచి నడుస్తోంది. ఇస్రో అందులో 2001లో చేరింది. ఇవేవీ వాటంతట అవి జరిగినవి కావు. ఎవరో ఒక గదిలో కూర్చుని, "చిత్రాలు అమ్ముకుందామా, ఊరికే ఇద్దామా?" అని వాదించుకుని, ఊరికే ఇద్దామని తేల్చారు. వేరేగా తేల్చి ఉండొచ్చు కూడా. అమెరికా ల్యాండ్‌శాట్ చిత్రాలకు 2008 దాకా డబ్బులు తీసుకునేవారు. మన 2023 అంతరిక్ష విధానం కూడా ఒక్కో చుక్క నేల మీద 5 మీటర్లు, అంతకంటే ముతకగా ఉండే ఇస్రో చిత్రాలను ఉచితంగా ఇవ్వాలంటోంది. మరి 5 మీటర్ల కంటే సన్నంగా వీధి, గుడి, ఇల్లు కనపడే చిత్రాల సంగతేంటి? వరద వచ్చిన వారం పాటైనా అవి వార్డు సచివాలయం దాకా రావాలా, వద్దా? దీని మీద మాట్లాడే హక్కు సింగ్‌నగర్ కుర్రాడికి లేకపోతే ఇంకెవరికి ఉంది?

ఇంకొక సంగతి. సెంటినెల్-1 నిజానికి జంట. అందులో ఒకటి 2021 డిసెంబరులో పాడైపోయింది. దాని స్థానంలో కొత్తది పైకి వెళ్లింది 2024 డిసెంబరులో. మన వరద సరిగ్గా ఆ ఖాళీలో వచ్చింది, ఒక్క కన్ను మాత్రమే తెరుచుకుని ఉన్నప్పుడు. పాడైన దాని బదులు ఎంత తొందరగా పంపాలి, ఖర్చు ఎవరు పెట్టాలి అనేవి ఎక్కడో ఐరోపాలో బడ్జెట్ ముచ్చట్లు. వాటి ఫలితం మాత్రం బుడమేరు పక్కన కనపడుతుంది. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమ పోయినప్పుడు మనకు సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. పనిచేసిన మొదటి ఇన్సాట్ 1983లో గానీ రాలేదు. ఆ తేడా తెలిసిన ముసలివాళ్లు అవనిగడ్డ వైపు ఇంకా ఉన్నారు. ఉపగ్రహం అంటే గొప్పల వ్యవహారం అని వాళ్లెవరూ అనరు.

ఇప్పుడు మా ఫిజిక్స్ మాస్టారి వాదన చెప్పాలి, ఆయన లేనప్పుడు ఆయనను ఓడించడం బాగోదు కాబట్టి పూర్తిగానే చెప్తాను. "మేడమ్, మీ పిల్లలకు కక్ష్య అంటే సరిగ్గా తెలీదు. వీళ్లు పాలసీ ఏం చెప్తారు? ముందు నేర్చుకోనివ్వండి, తర్వాత మాట్లాడతారు." ఇందులో సగం నిజముంది. తెలియకుండా మైకు పట్టుకునేవాళ్లు మనకు తక్కువేం లేరు. కానీ ఆయన ఎంపీసీ పిల్లల సంగతి? కెప్లర్ సూత్రాలు నిద్రలో అడిగినా చెప్తారు. 1978లో అణు రియాక్టర్ ఉన్న రష్యా ఉపగ్రహం కాస్మాస్-954 కెనడా మంచు మీద ముక్కలై పడింది, ఏరి శుభ్రం చేయడానికి అయిన ఖర్చు ఎవరు కట్టారు అంటే ఒక్కరూ చెప్పలేరు. కెనడా 60 లక్షల డాలర్లు అడిగితే సోవియట్ ప్రభుత్వం చివరికి 1981లో కెనడా డాలర్లలోనే 30 లక్షలు కట్టింది. ఎక్కడ పడుతుందో చెప్పేది ఫిజిక్స్. ఎవరు కట్టాలో చెప్పేది సివిక్స్. పిల్లలను రెండు గదుల్లో కూర్చోబెట్టి తలుపులు వేసింది మనం, అంతే.

ఆ ఖర్చు మాట మనకూ వర్తిస్తుంది. 1972 నాటి నష్టపరిహార ఒప్పందం ప్రకారం ప్రయోగించిన దేశానిదే బాధ్యత, రాకెట్ ప్రైవేటు కంపెనీది అయినా సరే. 2022 నవంబరు 18న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి ఎగిరినప్పుడు మనమంతా చప్పట్లు కొట్టాం. కొట్టాల్సిందే. అలాంటి వాటి ముక్క ఏదైనా రేపు పరాయి దేశంలో పడితే బిల్లు భారత ప్రభుత్వం పేరు మీద వస్తుంది, అంటే మీ పేరు మీద, నా పేరు మీద. కంపెనీ ఎంత భరించాలి, బీమా ఎంత ఉండాలి అని చెప్పాల్సిన అంతరిక్ష చట్టం ముసాయిదాను 2017లో బయటపెట్టి ప్రజల అభిప్రాయాలు అడిగారు. ఇప్పటికీ చట్టం కాలేదు. ఆ ముసాయిదా గురించి తెలుగులో గట్టిగా చర్చ జరిగినట్టు నాకైతే గుర్తు లేదు. మన ఊళ్లో, గుంటూరులో లా కాలేజీలు ఉన్నాయి. అంతరిక్ష న్యాయం మీద 1992 నుంచి మాన్‌ఫ్రెడ్ లాక్స్ పేరుతో అంతర్జాతీయ మూట్ కోర్టు పోటీ, అంటే ఉత్తుత్తి కోర్టులో వాదించే పోటీ జరుగుతోంది, చివరి రౌండులో అంతర్జాతీయ న్యాయస్థానం జడ్జీలే తీర్పు చెప్తారు. క్విజ్‌కు పెట్టే శ్రద్ధలో కొంచెం అటు పెట్టినా బాగుండేది.

పైన తిరుగుతున్న చెత్త గురించి ఎక్కువ చెప్పను, అందరూ వినే ఉంటారు. 2009 ఫిబ్రవరిలో సైబీరియా మీద దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తున అమెరికా ఇరిడియం ఉపగ్రహం, పాడైన రష్యా ఉపగ్రహం ఢీకొని వేల ముక్కలయ్యాయి. అంత ఎత్తున ఉన్న ముక్కల్లో చాలావాటికి కిందికి రావడానికి పదుల ఏళ్లు, కొన్నిటికి వందేళ్లు పడుతుంది. ఆ ముక్కలను తప్పించుకుంటూ ఉపగ్రహాలు నడపాల్సింది ఇప్పుడు ఇంటర్ చదువుతున్నవాళ్లు. ఇస్రో 2030 నుంచి చెత్త మిగల్చని ప్రయోగాలే చేస్తామని మాటిచ్చింది. మంచి మాట. నిలబెట్టుకుంటున్నారా లేదా అని ఏటా అడగడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

అలా అడిగేవాళ్ల కోసం ప్రపంచంలో ఒక వేదిక ఉందని మా స్టాఫ్ రూమ్‌లో చెప్తే ఎవరూ నమ్మలేదు. 1999 జులైలో వియన్నాలో యునిస్పేస్-3 అనే ఐక్యరాజ్యసమితి సభ జరిగింది. నేను పైన చెప్పిన విపత్తుల చార్టర్‌కు బీజం పడింది అక్కడే. అక్టోబరు 4 నుంచి 10 దాకా జరిపే ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు మొదలైంది ఆ సభ సిఫార్సుతోనే. అదే సభకు వచ్చిన కుర్రకారు పట్టుబట్టడంతో స్పేస్ జనరేషన్ అడ్వైజరీ కౌన్సిల్ పుట్టింది. 18 నుంచి 35 ఏళ్ల వాళ్లది. చేరడానికి రుసుము లేదు. వియన్నా కమిటీలో శాశ్వత పరిశీలక హోదా ఉంది, అంటే సభ్యత్వం లేకపోయినా లోపల కూర్చుని మాట్లాడొచ్చు.

వారోత్సవాల తేదీలు చూడండి. అక్టోబరు 4 అంటే 1957లో స్పుత్నిక్ ఎగిరిన రోజు. అక్టోబరు 10 అంటే 1967లో అంతరిక్ష ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజు. వారానికి ఒక చివర రాకెట్, ఇంకో చివర చట్టం. మనం మాత్రం ఏడు రోజులూ రాకెట్టే ఎగరేస్తున్నాం.

ఇక ఆ యువ కౌన్సిల్ గురించి నిష్ఠూరం కూడా ఒకటుంది. తలుపు తెరిచి ఉంది, సరే. లోపలికి వెళ్లేవాళ్లు ఎవరు? ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాళ్లు, పాస్‌పోర్టు ఉన్నవాళ్లు, వీసా ఇంటర్వ్యూకు భయపడనివాళ్లు, విమానం టికెట్టు ఇంట్లో అడగగలిగినవాళ్లు. ఆ ఖర్చుల్లో కొంత భరించే స్కాలర్‌షిప్పులు ఉన్నాయి గానీ, వాటికి దరఖాస్తు పెట్టాలన్న కబురు గొల్లపూడి హాస్టల్ దాకా రాదు. వచ్చినా స్టడీ అవర్స్‌లో ఫోన్ ఉండదు. 2007లో అంతర్జాతీయ ఆస్ట్రోనాటికల్ కాంగ్రెస్ మన హైదరాబాద్‌లోనే జరిగింది. విజయవాడ నుంచి రాత్రి బస్సు ఎక్కితే పొద్దున్నకు దిగేంత దూరం. ఇక్కడి నుంచి ఎంతమంది కాలేజీ పిల్లలు వెళ్లారని తెలిసినవాళ్లను అడిగి చూశాను. వెళ్లినవాళ్లు ఒక్కరూ తగల్లేదు. దూరం ఒక్కటే అడ్డం అయితే ఆ ఏడాది నిండిపోవాలి కదా.

ఇస్రో 2019 నుంచి యువికా అని తొమ్మిదో తరగతి పిల్లలను తమ కేంద్రాలకు తీసుకెళ్తోంది. పల్లెటూరి బడులకు వెయిటేజీ కూడా ఇస్తున్నారు. దాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. తొమ్మిదిలో శ్రీహరికోట చూసి వచ్చిన పిల్ల పదకొండులోకి రాగానే మనం ఏం చేస్తాం? ఎంసెట్, జేఈఈ అని రెండేళ్లు తాళం వేస్తాం. పేరు ఈఏపీసెట్ అని మారినా తాళం మారలేదు. సీఈసీ తీసుకుందంటే ఇక అంతరిక్షానికీ ఆమెకూ సంబంధమే తెగిపోతుంది. మొదటి రోజుల్లో కేరళలోని తుంబా రాకెట్ కేంద్రంలో పనిచేసినవాళ్లలో చాలామంది పాతికేళ్ల కుర్రాళ్లే. విక్రమ్ సారాభాయ్ అహ్మదాబాద్‌లో పరిశోధనాలయం పెట్టినప్పుడు ఆయనకు 28. అప్పుడు లేని వయసు అడ్డం ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?

మొన్న మా క్లాసులో 1967 నాటి ఒప్పందం తెలుగులో చదివించాను. మొత్తం 17 అధికరణాలే, రెండు పీరియడ్లు పట్టింది. తర్వాత తలా ఒక దేశం పంచి వియన్నా కమిటీలా కూర్చోబెట్టాను. బిందె జోకు తిన్న పిల్ల లక్సెంబర్గ్ అడిగి తీసుకుంది. అంత చిన్న దేశం ఎందుకే అంటే, "చిన్నదైనా ముందే చట్టం చేసుకుంది కదా మేడమ్" అంది. ఓ కుర్రాడు ఏ దేశమూ వద్దన్నాడు. వాళ్ల అమ్మమ్మది పులికాట్ వైపు. రాకెట్ పోయే రోజున వేటకు వెళ్లొద్దని పడవలకు చెప్తారట. "నేను జాలరి తరఫున కూర్చుంటాను" అన్నాడు. అలాంటి కుర్చీ కమిటీలో లేదురా అన్నాను. "అయితే నిలబడి మాట్లాడతా" అన్నాడు. ఏకాభిప్రాయం కుదరలేదు. గంట మోగింది, పక్క క్లాసు వాళ్లు గొడవ తగ్గించమని కబురు కూడా పంపారు.

రాష్ట్ర ప్రభుత్వం 2025లో సొంత అంతరిక్ష విధానం తెచ్చింది. లేపాక్షి, తిరుపతి దగ్గర స్పేస్ సిటీలు అన్నారు. అది తయారైంది కృష్ణకు అవతలి ఒడ్డున, మా కాలేజీ నుంచి ఆటోలో వెళ్లేంత దూరంలో. పెట్టుబడుల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడారు. యువత అంటే ఉద్యోగం చేసేవాళ్లు అన్న అర్థంలోనే. ఆ విధానాన్ని ఎప్పుడో ఒకప్పుడు సవరిస్తారు. వియన్నాలో 2027లో యునిస్పేస్-4 పెట్టాలన్న ఆలోచన ఐక్యరాజ్యసమితి 2024లో ఆమోదించిన భవిష్యత్ ఒప్పందంలో ఉంది. కొన్ని దేశాలు సర్వసభ్య సభకు యువ ప్రతినిధులను ఎన్నాళ్లుగానో పంపుతున్నాయి, మనం అంతరిక్షానికైనా ఎందుకు మొదలుపెట్టకూడదు? మా పిల్లలు ఇదే విషయం మీద రాష్ట్రానికొకటి, కేంద్రానికొకటి ఉత్తరాలు రాస్తున్నారు. చిత్తుప్రతి నాకు చూపించారు. ఒత్తులు దిద్ది, ఒక ఘాటు వాక్యం తీసేయమన్నాను, వాళ్లు తీయలేదు. రాష్ట్రాన్ని అడిగింది, ఈసారి ముసాయిదా తెలుగులో కూడా పెట్టి, జూనియర్ కాలేజీల నుంచి అభిప్రాయాలు తీసుకోమని. కేంద్రాన్ని అడిగింది, వియన్నా వెళ్లే బృందంలో పాతికేళ్ల లోపు వాళ్లు ఒక్కరైనా ఉండాలని. నేను తీసేయమన్న వాక్యం దాని కిందే ఉంది: "ఆ ఒక్కరు ఐఐటీ నుంచే రావాలని లేదు, సార్."